ఆగగల సరకు, ఆగలేని పని

పసుపు పండించు ఊళ్ళలో ఫిబ్రవరి మాసము వచ్చినదనగా గాలికే ఒక వాసన పట్టును. ఆర్మూరునుండి బాల్కొండ వైపు గాని, వేల్పూరు, మోర్తాడుల వైపు గాని పోవు త్రోవలో ఇరుప్రక్కల కల్లములందు ఉడికించిన కొమ్ములు ఆరబోసి యుండును. చూచువారికి అది పంట. పంట యనగా వ్యవసాయము. నేడు ఆ దృశ్యమును వ్యవసాయముగా గాక ఒక కర్మాగారముగా చూడుడని శ్రోతలను కోరుచున్నాను. ఆ కర్మాగారమునకు కప్పు లేదు, గోడలు లేవు, వేళకు మ్రోగు సైరను లేదు. అయినను ముడిసరకు వచ్చుట, దానిని ఒక క్రమములో మార్చుట, నిలువచేయుట, అమ్మకమునకు పంపుట అన్నియు అచ్చట జరుగుచున్నవి. ఇట్టి పనులను ఏ వరుసలో, ఎందరితో, ఎంత వేగముగా, ఎంత నిలువతో నడుపవలెనో ఆలోచించు విద్యకే కార్యనిర్వహణ శాస్త్రమని పేరు.

ఈ శాస్త్రము పుట్టినది యంత్రశాలలలో. 1913లో హెన్రీ ఫోర్డు తన కార్ఖానాలో పనివానిని ఒకచోట నిలిపి, కారు చట్రమును అతని ముందునుండి కదలించిన నాటినుండి దాని దృష్టి చాలకాలము వస్తువుమీదనే నిలిచెను. దానిని ఉత్పత్తి నిర్వహణమనియే పిలిచెడివారు. బ్యాంకులు, ఆసుపత్రులు, హోటళ్ళు, బస్సులు పెరిగిన పిదప, చేతికందు వస్తువేదియు చేయని ఈ సంస్థలను కూడ ఆ కొలబద్దతోనే కొలువవచ్చునా యను ప్రశ్న వచ్చినది. నిజమునకు ఆ ప్రశ్నకు బీజము చాల పాతది. ఆడం స్మిత్ 1776లో వెలువరించిన గ్రంథములో, చేతిపనివాని శ్రమ ఒక వస్తువులో నిలిచి యుండుననియు, సేవకుని శ్రమ చేసిన క్షణముననే నశించుననియు గమనించెను. అందుచేత సేవ సంపదను పెంచదని ఆయన తీర్పు చెప్పెను. ఆ తీర్పు తప్పు. ఆ గమనిక మాత్రము ఒప్పు. రిచర్డ్ ఛేజ్ అను అమెరికా ఆచార్యుడు 1978లో దీనిని మరియొక విధముగా అడిగెను: పని జరుగుచున్నంతసేపు ఆ పనిని కోరి వచ్చిన మనిషి ఎంతసేపు ఎదుట ఉండవలసి వచ్చును? ఎంత యెక్కువసేపు ఎదుట నుండిన, ఆ పనిని యంత్రమువలె క్రమబద్ధము చేయుట అంత కష్టమని ఆయన వాదము.

ఇది మంచి ప్రశ్న. దానికన్న ముందు అడుగవలసినది మరియొకటి కలదని నాకు తోచును. ఈ పనిలో వేచియుండువారెవరు? సరకు వేచియుండునా, మనిషి వేచియుండునా, పనిముట్టు ఖాళీగా వేచియుండునా? ముగ్గురిలో ఒకరు వేచియుండక తప్పదు. ఎవరు వేచియుండవలెనో నిర్ణయించుటయే నిర్వాహకుని మొదటి పని. ఆర్మూరు ప్రాంతములో ఈ మూడు విధముల పనులును కొద్ది కోసుల దూరములోనే కనబడును గనుక ఇచ్చటి ఉదాహరణములనే తీసికొందును.

పసుపు జూనులో నాటగా ఎనిమిది తొమ్మిది నెలలకు పంటకు వచ్చును. భూమిలో నున్నంత వరకు దానికి తొందర లేదు; ఒక వారము ముందు వెనుకలైనను నష్టము స్వల్పము. త్రవ్విన నాటినుండి మాత్రము గడియారము నడువనారంభించును. మట్టి దులిపి, తల్లిదుంపనుండి కొమ్ములను విరిచి వేరుచేయుదురు. ఇది ఎక్కువగా స్త్రీలు చేయు పని. తల్లిదుంపను గోళ యనియు, ప్రక్కలకు వచ్చిన వానిని కొమ్ములనియు అందురు. రెండింటిని కలిపి ఉడికింపరాదు. లావుదుంప ఉడుకు వేళకు సన్నకొమ్ము చిమిడిపోవును. త్రవ్విన రెండు మూడు దినములలో ఉడికించుట మేలు. పూర్వము పెద్ద ఇనుప కడాయిలలో నీరు పోసి ముప్పావుగంట మొదలు గంటవరకు కాచెడివారు. నురుగు పొంగి, తెల్లని ఆవిరితో పసుపు వాసన గుప్పుమన్నప్పుడు పుల్ల గ్రుచ్చి చూచి దింపెడివారు. నేడు ట్రాక్టరు వెనుక తగిలించుకొని వచ్చు ఆవిరి బాయిలర్లు ఊరూర తిరుగుచున్నవి.

బాయిలరు వచ్చిన పిదప పని తేలిక యైనది. దానితోపాటు ఒక క్రొత్త నియమము కూడ వచ్చినది. ఊరిలో చేలు అనేకము, బాయిలర్లు కొన్నియే. కావున ఎవరు ఎప్పుడు త్రవ్వవలెనో చేను నిర్ణయింపదు, బాయిలరు వంతు నిర్ణయించును. బాయిలరు నేడు ఉడికింపగలిగినంత కన్న ఎక్కువ త్రవ్వి పోసినవాడు కూలియు చెల్లించి సరకును పాడుచేసికొనును. కుండ మూతి ఎంతయో ధార అంతయే. పనిని ఎక్కడ వేగపరుపవలెనన్నను ముందుగా ఆ ఇరుకైన చోటును కనుగొనవలెనని నేటి పుస్తకములు పెద్ద అధ్యాయములలో చెప్పుచున్నవి. పసుపు రైతునకు ఆ అధ్యాయముతో పనిలేదు; బాయిలరు వానికి ఫోను చేయక మునుపు అతడు కూలీలను పిలువడు.

ఉడికిన పసుపును పది పదునైదు దినములు ఎండబెట్టుదురు. ఈ మెట్టులో యంత్రము లేదు, చెప్పుకొనదగినంత పనియు లేదు; కావలసినది జాగా, ఎండ. రాత్రివేళ కుప్పచేసి కప్పవలెను. ఎండు లోపల వాన పడినచో రంగు చెడును, రంగుతోపాటు ధరయు పోవును. తరువాత డ్రమ్ములో వేసి త్రిప్పి పైపొట్టు పోవునట్లు మెరుగు పెట్టుదురు. నూరు క్వింటాళ్ళ పచ్చికొమ్ము ఇన్ని మెట్లు దాటి వచ్చునప్పటికి ఇరువది క్వింటాళ్ళకు అటునిటుగా నిలుచును. తక్కినదంతయు నీరు. తేమ నూటికి పది పాళ్ళకు దిగిన పసుపు ఇక తొందరపడదు. ఉడుకక మునుపు పాలవంటి సరకు, ఎండిన పిదప బంగారము వంటిది. నెలలు గాదు, చక్కగా కాపాడినచో ఏండ్లు నిలుచును. మహారాష్ట్రలోని సాంగ్లీ దగ్గర హరిపూరులో నేలలో పెద్ద గోతులు త్రవ్వి, అందులో పసుపు పోసి పూడ్చి, ధర వచ్చువరకు ఉంచెడివారు. 2005 నాటి వరదలలో ఆ గోతులు చాల పాడైనవి. అంతవరకు అవి తరతరములుగా గిడ్డంగులై నడిచినవి.

ఇట్లు ఒకే సరకు ఒకే నెలలో మూడు స్వభావములు చూపును. నేలలో ఓర్పు, త్రవ్విన పిదప తొందర, ఎండిన పిదప మరల ఓర్పు. ఈ చివరి ఓర్పే ఆర్మూరు రైతునకు మేలు చేయవలసినది. మేలు చేయుచున్నదా యను మాటకు రాకముందు, ఓర్పు లేని సరకును ఎట్లు నడుపుదురో చూడవలెను. దానికి దూరము పోనక్కరలేదు. ఈ జిల్లాలోనే బోధన్ కలదు.

బోధన్‌లో 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారము ఒకప్పుడు ఆసియాలోనే పెద్దవానిలో ఒకటిగా పేరు పొందినది. 2015 డిసెంబరులో మూతపడినది. చెఱకు కోసిన గంటనుండి దానిలోని తీపి తరుగుచుండును. ఒక దినము దాటనీయక గానుగలో పెట్టవలెను. గానుగ రాత్రింబవళ్ళు నడువవలెను. దానిని ఆపి మరల నడుపుట ఖర్చు. కావున చక్కెర మిల్లు పనిని వెనుకనుండి ముందునకు అల్లుకొనివచ్చెను. గానుగ దినమునకు ఎన్ని టన్నులు త్రాగునో మొదట లెక్క. దానినిబట్టి ఏ ఊరినుండి ఎన్ని బండ్లు. దానినిబట్టి ఏ రైతు ఏ తేదీన కోయవలెనో కటింగ్ ఆర్డరు. ఆర్డరు లేనివాడు కోయడు. ఆ ఆర్డర్ల విషయములో పక్షపాతములు, జగడములు లేకపోలేదు. ఏ మిల్లు కథలోనైనను అవి వినబడును. అయినను ఆ పద్ధతి రైతునకు ఒక మర్యాద నిచ్చినది. వాని వంతు ఒక కాగితముమీద వ్రాయబడి యుండెను. అది రైతుమీది దయవలన వచ్చినది కాదు. చెఱకు ఆగదు గనుక వచ్చినది.

పసుపు ఆగును గనుక దానికి వంతు వేయవలెనని ఎవరికిని తోచలేదు.

మిగిలిన సరకులను త్వరగా చెప్పి ముందునకు పోవుదును. ఆర్మూరు ప్రక్కనే అంకాపూరు కలదు. ఆ ఊరి పేరు విత్తనములకును, కూరగాయలకును, దేశీకోడి కూరకును ప్రసిద్ధము. ఒకే ఊరిలో మూడు విధముల నిర్వహణము. కూరగాయ తెల్లవారి కోసినది సాయంకాలమునకు అమ్ముడుపోవలెను; అందుచేత అమ్మకపు చోటు చేని దగ్గరకే వచ్చినది, ధర గంటగంటకు మారును, అమ్మకమును స్త్రీలు తమ చేతనే ఉంచుకొన్నారు. ఇట్టి సరకునకు గిడ్డంగికన్న తూనిక వేగమే లాభము. కోడికూర ఇంకొక మార్గము. ఫోనులో అడిగిన పిదపనే కోడిని కోసి వండుదురు. ముందుగా వండి పెట్టినది ఏమియు లేదు. కావున పారవేయునదియు లేదు. అచ్చట ఆగవలసినవాడు తినువాడు, అతడు సంతోషముగానే ఆగును, ఏలయన ఆ ఆలస్యమే తాజాదనమునకు సాక్ష్యము. ఒక పనిలో నిరీక్షణ దోషము, మరియొక పనిలో గుణము.

విత్తనము విషయము ఈ రెండింటికన్న చిక్కైనది. బస్తాలోని విత్తనమును చేతబట్టి చూచినను దాని మంచిచెడ్డలు తెలియవు. నాటిన పిదపనే తెలియును, అప్పటికి కొన్నవాని ఋతువు గడచిపోవును. అందుచేత విత్తనపు కార్ఖానాలో పనికన్న పరీక్ష ముఖ్యము. మన దేశములో 1966లో విత్తనముల చట్టము వచ్చినది. ధ్రువీకరణ ప్రమాణముల ప్రకారము వరి విత్తనము నూటికి 80, మొక్కజొన్న సంకరవిత్తనము 90, జొన్న సంకరవిత్తనము 75 పాళ్ళకు తగ్గక మొలవవలెను. అంతియేకాదు, ప్రక్క చేని పుప్పొడి వచ్చి పడకుండ దూరము పాటింపవలెను. కావున విత్తనము ఒక రైతు ఒంటరిగా చేయగల సరకు కాదు. ఊరంతయు ఒక మాటమీద నిలువవలెను. అంకాపూరు వంటి ఊళ్ళు విత్తనమునకు పేరు పొందుటలో నేల సారముకన్న ఈ కట్టుబాటు పాలు ఎక్కువని నా అభిప్రాయము.

ఇక బీడీలు. నిజామాబాదు జిల్లాలో బీడీ చుట్టు స్త్రీలు లేని ఊరు అరుదు. కార్ఖానావారు ఆకు, పొగాకు, దారము ఇత్తురు. ఇంటిలో చుట్టి, కట్టలు కట్టి తెచ్చి యిచ్చినచో లెక్కించి, బాగులేనివి ఏరివేసి, వేయి బీడీలకు ఇంతయని కూలి కట్టుదురు. 1966లోనే వీరికొరకు బీడీ, సిగారు కార్మికుల చట్టము చేయబడినది. ఈ పద్ధతిలో యజమానికి భవనము అక్కరలేదు, దీపపు ఖర్చు లేదు. అమ్మకము తగ్గిననాడు యంత్రము ఖాళీగా నున్నదను బాధ లేదు. ఆ నెల పనిదినములు తగ్గించిన చాలును. ఖాళీ యనునది ఎక్కడికిని పోలేదు. కార్ఖానానుండి బయలుదేరి కూలిదాని ఇంటి వసారాలోనికి వచ్చి కూర్చున్నది. నిర్వహణ శాస్త్రములో ఖర్చు తగ్గినదను మాట విన్నప్పుడెల్ల, అది తగ్గినదా, చేయి మారినదా యని అడుగుట మంచిది.

సరకులు ఇట్లుండగా, శుద్ధమైన సేవ యన్నచో ఆర్మూరు బస్‌స్టాండుకు పోవలెను. హైదరాబాదునుండి నాగపూరు పోవు 44వ నెంబరు జాతీయ రహదారియు, నిజామాబాదునుండి జగదల్‌పూరు వైపు పోవు 63వ నెంబరు రహదారియు ఇచ్చట కలియును గనుక ఇది పెద్ద కూడలి. బస్సు సంస్థకు ఈ ప్రాంతములో పెద్ద చరిత్ర కలదు; 1932లో నిజాం రాష్ట్ర రైల్వేలో ఒక శాఖగా 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో అది ఆరంభమైనది. బస్సు అమ్మునది ఏమి? ఒక కుర్చీని, ఒక గంటకాలము. ఉదయము 11 గంటల బస్సులో ఖాళీగా పోయిన కుర్చీని మూటకట్టి సాయంకాలము 5 గంటల బస్సులో వేయుటకు వీలులేదు. 11 గంటలకు బస్సు కదలినదనగా ఆ కుర్చీ చచ్చినది. సాయంకాలము నిలువబడి ప్రయాణము చేయువారికి ఉదయపు ఖాళీ ఏ విధముగను ఉపకరింపదు. కావున బస్సు నిర్వాహకునికి గిడ్డంగి లేదు. అతని గిడ్డంగి ప్లాట్‌ఫారముమీద నిలుచున్న జనమే.

2023 డిసెంబరు 9వ తేదీనుండి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ప్రయాణము ఉచితమైనది. ఆ నిర్ణయమునుగూర్చి పలువురు పలువిధముల మాటలాడుదురు. ఇచ్చట నాకు కావలసినది ఒక్క విషయము. టిక్కెట్టు ధర మార్చుట ఒక సంతకముతో ఒక్క దినములో జరుగును. బస్సులు కొనుట, డ్రైవర్లను నియమించుట, డిపోలు పెంచుట నెలలు, ఏండ్లు పట్టును. వస్తువైనచో ఈ నడిమి కాలమునకు నిలువ అడ్డు నిలిచెడిది. సేవలో అడ్డు నిలుచునది ఏదియు లేదు. కోరిక పెరిగిన గంటలోనే ఇరుకు కనబడును. అందుచేత సేవను నడుపువారు సగటు లెక్కను నమ్మరాదు. అత్యధికమైన గంటను చూచి ఏర్పాటు చేయవలెను.

ఇప్పుడు పసుపు దగ్గరకు మరల వత్తము. ఆర్మూరు ప్రాంతపు పసుపులో పెద్ద భాగము సుమారు 25 కిలోమీటర్ల దూరముననున్న నిజామాబాదు మార్కెట్ యార్డునకు పోవును. కొందరు లారీలు మాటలాడుకొని సాంగ్లీ వరకు పోవుదురు. యార్డులో బస్తాలు దింపి, కుప్పలు పోసి, అడ్తిదారు ముందు నిలుచుట, ఖరీదుదారులు వచ్చి కొమ్మును విరిచి లోపలి రంగు చూచి ధర వేయుట, దడువాయి తూచుట, హమాలీలు సంచులకెత్తి కుట్టుట, తక్‌పట్టీ వ్రాయించుకొనుట, పైకము. ఇది యార్డు దినచర్య. అందరును యార్డును సరకు ఉండు చోటుగా భావింతురు. షెడ్లెన్ని, గిడ్డంగులెన్ని, చదరపు గజములెన్ని యని లెక్కింతురు. నేను చెప్పదలచిన ముఖ్యవిషయము ఇదియే: యార్డు సరకు ఉండు చోటు కాదు. అది ఒక సేవ. రైతు అచ్చటికి పసుపును దాచుటకు రాలేదు, తూనిక, ధర, చీటి, పైకము అను నాలుగు సేవలకొరకు వచ్చినాడు. బస్సుకు వలెనే ఆ సేవలకును నిలువ లేదు. జూలై మాసములో పనిలేక నిలిచిన కాంటాను మార్చిలో వాడుకొనుటకు వీలులేదు.

సేవగా చూచినచో యార్డు కష్టము వెంటనే అర్థమగును. 1909లో ఎర్లాంగ్ అను డెన్మార్కు గణితజ్ఞుడు కోపెన్‌హాగెన్ టెలిఫోను సంస్థలో పనిచేయుచు, పిలుపులు ఎన్ని వచ్చినచో ఎందరు ఎంతసేపు ఆగవలసి వచ్చునో లెక్కకట్టు మార్గము కనుగొనెను. ఆ మార్గములో తరువాతివారు సాధించిన లెక్కను ఒక కాంటాకు పట్టించి చూతము. ఒక్కొక్క రైతు సరకు తూచుటకు సగటున పది నిమిషములు పట్టుననుకొందము. రైతులు ముందు వెనుకలు లేక తోచినట్లు వచ్చుచున్నారనుకొందము. కాంటాకు దినములో సగము కాలము మాత్రమే పని యున్నచో, వచ్చినవాడు సగటున పది నిమిషములు ఆగును. నూటికి ఎనుబది పాళ్ళు పని యున్నచో నలుబది నిమిషములు. తొంబది పాళ్ళున్నచో గంటన్నర. తొంబదియైదైనచో మూడు గంటలు దాటును. పని కొంచెము పెరుగుచున్నది, నిరీక్షణ ఉరుకుచున్నది. కాంటా ఒక్క నిమిషమైనను ఖాళీగా నుండరాదని పట్టుబట్టు నిర్వాహకుడు తన కాంటాను గౌరవించి రైతును దినమెల్ల నిలువబెట్టుచున్నాడన్నమాట. గానుగకు ఆ పట్టుదల తగును, కాంటాకు తగదు.

ఇదియైనను మేలైన లెక్క. నిజముగా రైతులు చెదురుమదురుగా రారు, గుంపుగా వత్తురు. పసుపు ఎండుట అందరికిని ఒకే పక్షములో ముగియును. ఉగాదికి, పెండ్లిండ్లకు, అప్పులకు పైకము ఒకే నెలలో కావలెను. యార్డు దినమునకు ఇరువదివేల బస్తాలు తూచి పంపగలదనియు, నేలమీద అరువదివేల బస్తాలు పడియున్నవనియు అనుకొన్నచో, చివరి బస్తావాడు మూడు దినములు అచ్చటనే పండుకొనవలెను. ఈ మూడు దినములలో ఒక వాన వచ్చినదా, ఏండ్లు నిలువగల సరకు ఒక గంటలో తడిసిపోవును. ఇంటివద్ద భద్రముగా నుండగల వస్తువును తెచ్చి, ఆకాశము క్రింద, టార్పాలిను చాలని చోట, సేవకొరకు నిలువబెట్టుట మన యార్డుల విచిత్రము.

2016 ఏప్రిల్ 14న ఎలక్ట్రానిక్ జాతీయ వ్యవసాయ విపణి ఆరంభమైనప్పుడు మొదటి 21 మార్కెట్లలో నిజామాబాదు ఒకటి. ధర వేయుట కంప్యూటరులోనికి పోయినది. ఎవరు ఎంత వేసినారో ప్రక్కవానికి తెలియదు గనుక కూడబలుకుకొనుటకు కొంత కష్టము కలిగినది. ఇది మెచ్చుకొనదగిన పనియే. అయితే వేలము ఇరుకైన చోటు కాదు. తూచుట, ఎత్తుట, లారీ కదలుట ఇరుకైన చోట్లు. అవి నేలమీదనే, హమాలీల భుజములమీదనే నిలిచినవి. ముందు చెప్పిన బాయిలరు సూత్రమే ఇచ్చటను: ఇరుకు కాని చోట వేగము పెంచినచో, ఇరుకు ముందరి కుప్ప మరింత త్వరగా పెరుగును.

పసుపు ఆగును, రైతు ఆగలేడు. త్రవ్విన కూలి, ఉడికించిన కూలి, బాయిలరు బాడుగ మార్చిలోనే ఇయ్యవలెను. జూనులో మరల ఎకరమునకు ఎనిమిది మొదలు పది క్వింటాళ్ళ విత్తనపు కొమ్ము నాటవలెను. కావున ఓర్పు అను గుణము సరకులో పుట్టి, రైతు చేతినుండి జారి, గిడ్డంగియు పెట్టుబడియు గలవాని చేతికి పోవుచున్నది. 2019 ఫిబ్రవరిలో ఆర్మూరు దగ్గర మామిడిపల్లి చౌరస్తాలో పసుపు, ఎఱ్ఱజొన్న రైతులు రహదారిపై కూర్చుండి, పసుపునకు క్వింటాలు 15,000 రూపాయలు, ఎఱ్ఱజొన్నకు 3,500 రూపాయలు కావలెనని కోరినారు. రెండు నెలలకు, ఏప్రిల్ 11న జరిగిన లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు నియోజకవర్గమునుండి 185 మంది అభ్యర్థులు నిలిచినారు. వారిలో అత్యధికులు పసుపు బోర్డు కోరు రైతులు. ఒక్కొక్క పోలింగు గదిలో పండ్రెండు ఓటింగు యంత్రములు వరుసగా పెట్టవలసి వచ్చినది. ఆ దినమున క్యూ నడిపించుట ఎంత పనియో ఎన్నికల అధికారులకు తెలిసినది. పసుపు రైతునకు అది ప్రతి మార్చిలోను తెలిసినదే.

జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న, సంక్రాంతినాడు, నిజామాబాదు కేంద్రముగా ఆరంభమైనది. బోర్డు అనగానే ధర యని అందరును తలంతురు. ధర ఒకరు నిర్ణయించునది కాదు. ఈరోడ్, సాంగ్లీ, దుగ్గిరాల విపణులును, విదేశపు కొనుగోళ్ళును, నిలువలును కలిసి దానిని నడుపును. ఎవరికిని పెద్ద ఖర్చు లేక చేయదగిన పని వేరొకటి కలదు. అది బోధన్ మిల్లువారు చేసినదే: వంతు వేయుట. యార్డు దినమునకు ఎన్ని బస్తాలను తూచి, కుట్టి, లారీకెత్తి, పైకము చెల్లింపగలదో లెక్కించి, దానికి నూటికి పదునైదు పాళ్ళు తక్కువగా ఊరివారీ తేదీలు ప్రకటించుట. ఆ తగ్గించిన పాళ్ళు వ్యర్థము కావు. వాన వచ్చిననాటికిని, లారీ రానినాటికిని అవియే ఆదుకొనును. వంతు లేనివాని పసుపు వాని ఇంటనే, వాని కప్పు క్రిందనే ఉండును. దానిని దొంగిలించు వాన లేదు.

దీనికి ఒక అడ్డంకి కలదు, దానిని దాచుట న్యాయము కాదు. ఏప్రిల్ 20 నాటి వంతు పడినవాడు మార్చి అప్పు ఎట్లు తీర్చును? సరకుతోపాటు రైతునకు కూడ ఆగుటకు శక్తి నీయని వంతు, వానికి శిక్షయే. 2007లో చేసిన గిడ్డంగుల చట్టము ప్రకారము, నమోదైన గిడ్డంగిలో సరకు పెట్టినవానికి ఇచ్చు రసీదును చేతులు మార్చుకొనవచ్చును, బ్యాంకులో పెట్టి అప్పు తీసికొనవచ్చును. పసుపువంటి ఓర్పుగల సరకునకు ఇంతకన్న తగిన చట్టము లేదు. టమాటా రైతునకు ఇది ఎందుకును పనికిరాదు. అయితే రసీదు పుట్టుటకు తూనికయు, తేమ పరీక్షయు, రకము నిర్ణయించుటయు కావలెను, అనగా యార్డులో జరుగు సేవలే, యార్డు వెలుపల, ఊరి దగ్గర జరుగవలెను. ఆర్మూరు, వేల్పూరు, బాల్కొండలలో మూడు కాంటాలు, మూడు తేమకొలతలు, సంతకము పెట్టు అధికారము గల ముగ్గురు గుమాస్తాలు. కొమ్మును విరిచి రంగు చూచు ఖరీదుదారు, చూడని సరకును రసీదుమీద నమ్మి కొనునా యన్నది ఇంకను మిగిలిన సందేహము. విత్తనపు బస్తాను ఎవరును విరిచి చూడకయే, పైనున్న చీటీని నమ్మి కొనుచున్నారు. పసుపునకు కూడ అట్టి చీటీ అలవాటు కావలెనన్నచో, మొదటి రెండు మూడు ఋతువులు చీటీలో వ్రాసినదియు, బస్తాలో నున్నదియు ఒక్కటిగా తేలవలెను. ఆ పరీక్షకు పూనుకొనుటకు ఫిబ్రవరి ఆలస్యము. మొదటి బాయిలరు ఊరిలో అడుగు పెట్టక మునుపే, డిసెంబరులోనే కాంటాలు సరిచూచుకొని గుమాస్తాలకు పని నేర్పవలెను.